పెంచలమ్మ ఇంట్లో దొంగ ఫోను

ఎనిమిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు నా జవాబు పేపరును గాల్లో ఆడిస్తూ, దీనికి మార్కులు వేయాలంటే ముందు ఇది ఏ భాషో తేలాలి అన్నారు. అది తేలకముందే నేను బడి మానేశాను. ఆ మాస్టారు ఇప్పుడు రిటైరై ముత్తుకూరులోనే ఉంటున్నారు. వాళ్లింటికి ఇంటర్నెట్ లాగింది నేనే, నాకొచ్చిన ఇంగ్లీషులో పాస్‌వర్డ్ పెట్టిందీ నేనే. ఆయనకు అది ఈనాటికీ మొదటిసారి పడదు. అక్షరాలన్నీ సరిగ్గా కొడతారు, అదే ఆయన చేసే తప్పు.

మొదట్లో కేబుల్ టీవీ వైర్లు లాగేవాణ్ణి. తర్వాత ఇంటింటికీ ఫైబర్ వచ్చింది. ఫైబర్ అంటే రాగి తీగ కాదు, వెంట్రుకంత సన్నటి గాజు పోగు. దాంట్లో కరెంటు పోదు, వెలుతురు పోతుంది. నా చదువుకు ఇంతకంటే పెద్ద వెలుగు ఎటూ రాదని ఇందులోనే స్థిరపడ్డాను. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళకు తీగ లాగానో గుర్తులేదు గానీ, ఒక ఇంటి సంగతి మాత్రం మరిచిపోలేదు. కరోనా పోయి బళ్ళు మళ్ళీ గాడిన పడ్డ ఏడాది అది.

ముత్తుకూరు నుంచి పోర్టు లారీలు పోయే రోడ్డు వదిలి, సముద్రం వైపు పక్కదారి పడితే ఒక చిన్న పాలెం వస్తుంది. మగవాళ్ళలో సగం మంది వేటకు పోతారు, మిగిలినవాళ్ళు పోర్టులోనో కరెంటు ఫ్యాక్టరీలోనో పనిచేస్తారు. ఆడవాళ్ళు చాలామంది పొద్దున్నే రొయ్యల కంపెనీ బస్సెక్కుతారు. పెంచలమ్మ అట్లా బస్సెక్కే మనిషి. రోజంతా రొయ్య తల తుంచి, పొట్టు ఒలిచి, సాయంత్రం ఆరింటికి దిగుతుంది. భర్త కొండయ్య వేటకు పోతే నాలుగైదు రోజులు రాడు. ఇంట్లో ఉండేది తొమ్మిదో తరగతి చదివే కూతురు శ్రావణి, కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాల కోసం సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కంప్యూటరు.

ఒక ఆదివారం పెంచలమ్మ నాకు ఫోన్ చేసింది. ఆదివారం నేను చర్చిలో ఉంటాను. అక్కడా మనకు విశ్రాంతి లేదు. ప్రసంగం లైవ్‌లో ఆగిపోతే పాస్టరు గారు పైకి చూసి ప్రార్థించరు, తలతిప్పి నా వైపు చూస్తారు. ఆరాధన ముగిశాక పాలెం పోయాను. పెంచలమ్మ పాపను నీళ్ళ క్యాను తెమ్మని పంపించేసి, తలుపు దగ్గరికి వేసి, సంగతి చెప్పింది.

పాప బడి నుంచి నాలుగున్నరకు వస్తుందట. ఐదు నుంచి ఆరు దాకా, అంటే తల్లి బస్సు దిగేదాకా, కంప్యూటరు ముందు నుంచి లేవదట. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి చెప్పిందట, మీ పాప దాని ముందు కూర్చుని చేతులు ఊపుతూ నవ్వుతోందని. తల్లి అడుగు వినపడగానే తెర ఆర్పేస్తుందట.

"మాట వినపడదన్నా. మాటే లేకుండా నవ్వతాదంట. అది ఎవరితోనో నాకు తెలియాల."

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటుందిలే అక్కా, ఈ కాలం పిల్లలు అంతే అన్నాను. ఆమె నవ్వలేదు. పక్క ఊళ్ళో ఒక పిల్ల ఫోనులో పరిచయమైనవాడితో వెళ్ళిపోయిన సంగతి కంపెనీలో ఆడవాళ్ళు పూసగుచ్చినట్టు చెప్పుకున్నారట. ఆమె అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంది.

"ఏదన్నా ఉందంటే ఈ ఏడాదితోనే బడి మాన్పించేస్తా. నాతోపాటు కంపెనీకి తీసకపోతా. కళ్ళముందు ఉంటాది."

ఇప్పుడు తలుచుకుంటే అక్కడ నేను కొంచెం జంకి ఉండాల్సింది. ఒక పిల్ల బడి నా నోటి మాట మీద ఆగి ఉంది. కానీ ఎవరైనా నన్ను నిపుణుడిలాగా అడిగితే నాకు ఒళ్ళు తెలియదు. ఫోను తీసి మా ఆఫీసు యాప్ తెరిచాను.

కుతూహలం ఉన్నవాళ్ళ కోసం ఇక్కడ నాలుగు ముక్కలు చెబుతాను. ఇంట్లో దీపాలు మినుకుమినుకుమనే పెట్టె ఉంటుంది, దాన్ని రౌటర్ అంటాం. తీగలో వచ్చిన నెట్‌ను అది గాలిలోకి వదులుతుంది. ఆ గాలిని ఏ ఫోను, ఏ కంప్యూటరు ఎప్పుడు పట్టుకుందో, ఎంత వాడిందో మాకు కనిపిస్తుంది. మీరు ఏం మాట్లాడారో, ఏం చూశారో కనిపించదు. డౌన్‌లోడ్ అంటే మన ఇంటికి వచ్చేది, అప్‌లోడ్ అంటే మన ఇంటి నుంచి పోయేది. సినిమా చూసేవాళ్ళకు వచ్చేదే ఎక్కువ. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే అది వీడియో కాల్. మన మొహం అటు పోతోంది, అవతలి మొహం ఇటు వస్తోంది.

శ్రావణి కంప్యూటరులో ఐదు నుంచి ఆరు దాకా రెండూ సమానంగా ఉన్నాయి.

అంతటితో ఆగినా బాగుండేది. జాబితాలో తల్లి ఫోను, కంప్యూటరు కాకుండా మూడోది ఒకటి కనిపించింది. పేరు లేదు, ఏవో అంకెలూ అక్షరాలూ. అది కూడా సరిగ్గా ఐదింటికి మొదలై, ఆరింటికి ఆగిపోతోంది. సిగ్నల్ మాత్రం బాగా తక్కువ. ఇనుము అడ్డం వస్తే వైఫై అట్లా నీరసపడుతుంది. నేను గొంతు సవరించుకుని చెప్పాను, పాప దగ్గర రెండో ఫోను ఉందక్కా, ట్రంకుపెట్టెలోనో బీరువాలోనో దాచింది అని.

పెంచలమ్మ ట్రంకుపెట్టె బోర్లించింది. బీరువా అరలన్నీ లాగింది. బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టింది. ఫోను దొరకలేదు. బడికి తీసుకుపోయి ఉంటుందనుకుందామంటే ఆదివారం. అయినా నా తెలివిమీద నాకు అనుమానం రాలేదు. పాస్‌వర్డ్ మార్చేశాను, ఇక ఏ దొంగ ఫోనూ కలవదని హామీ కూడా ఇచ్చాను.

అంతలో శ్రావణి నీళ్ళ క్యానుతో వచ్చింది. నేల మీద పరిచిన బట్టలు చూసింది, నన్ను చూసింది. తల్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టించానని, అది నీకు చెప్పేది లేదని అనేసరికి పాప మొహం పాలిపోయింది. నేను చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వచ్చి, తల్లికి వినపడకుండా అడిగింది.

"అంకుల్, పాత పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టేదానికి కుదరదా?"

దొరికిపోయింది అనుకున్నాను నేను. బండి మీద పోతూ దారంతా అదే అనుకున్నాను.

ఐదో రోజు పెంచలమ్మ కంపెనీ నుంచే ఫోన్ చేసింది. ముందురోజు సాయంత్రం నుంచి నెట్ లేదు. రౌటర్‌లో ఎర్ర దీపం వెలుగుతోందట. అంటే ఎక్కడో గాజు పోగు విరిగింది. ఎక్కడ విరిగిందో నేను వెతకాలి గానీ, ఎవరు విరిచారో ఆమెకు ముందే తెలుసు.

"వాళ్ళేనన్నా, మా మరిది వాళ్ళు. మూణ్ణాలుగు దినాల నుంచి సాయంత్రం అయ్యేసరికి రేకుల మీద దబదబ బాదతాండారు, మమ్మల్ని రెచ్చగొట్టేదానికి. ఇప్పుడు వైరు తెంపినారు."

ఆ రేకుల సంగతి చెప్పాలి. కొండయ్య తమ్ముడు శ్రీనయ్య ఇల్లు పక్కనే. ఒకప్పుడు రెండిళ్ళకూ ఒకటే వాకిలి, అన్నదమ్ములకు ఒకటే పడవ. పడవ ఇంజను కాలిపోయిన దగ్గర మొదలైన గొడవ, పడవ పోయినా పోలేదు. వాకిట్లో అడ్డంగా ఆరడుగుల ఎత్తున జింకు రేకులు లేచాయి. అన్నదమ్ములకు మాటల్లేవు కాబట్టి తోడికోడళ్ళకూ మాటల్లేవు. పాలెంలో అది కట్టుబాటు లాంటిది. మగవాళ్ళు వేటకు పోయి నడిసముద్రంలో ఉన్నా, వాళ్ళ పోట్లాటను ఒడ్డున ఆడవాళ్ళు కాపలా కాయాలి. పెంచలమ్మ ఇంటికి నేను లాగిన ఫైబర్ ఆ రేకుల తల మీదుగానే స్తంభానికి పోతుంది.

ఐదు దాటాక పోయాను. శ్రావణి తలుపు తీసి లోపలికి పోయింది. మా దగ్గర పెన్నులాంటి లేజర్ ఉంటుంది. తీగకు ఈ చివర పెడితే ఎర్రటి వెలుతురు లోపల పరుగెత్తుకుంటూ పోయి, విరిగినచోట బయటికి కనిపిస్తుంది. రేకుల వెంట చూసుకుంటూ పోయాను. చివరి రేకు దగ్గర, అవతలి వైపు, ఎర్రచుక్క మెరిసింది. వంగి చెయ్యి పెడితే అందేంత దూరం. కానీ మాటల్లేని ఇళ్ళ మధ్య చెయ్యి పెట్టకూడదు. రోడ్డు చుట్టూ తిరిగి శ్రీనయ్య ఇంటి వైపు పోయాను.

అక్కడ మురికికాలవ పక్కన బోర్లించిన టబ్బు మీద ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. ఆరేళ్ళుంటాయి, ముందు పళ్ళు రెండు లేవు. ఎదురుగా బకెట్టుకు ఆనించి పెట్టిన ఫోను, దాంట్లో తిరుగుతూనే ఉన్న గుండ్రని గుర్తు. పిల్ల అరచేత్తో రేకును మూడుసార్లు చరిచింది. తర్వాత రెండు చేతులూ, చెంపా రేకుకు ఆనించి, కళ్ళు మూసుకుని ఆగింది. నా చెయ్యి కూడా రేకు మీదే ఉంది. అవతలి నుంచి ఎవరో రెండుసార్లు తట్టారు. నా అరచేతికి ఆ అదురు తెలిసింది. పిల్ల చెంపకూ తెలిసింది. మొహం అంతా విప్పారింది.

"ఏం పాపా, తలుపు లేనిచోట తడతావేంది?" అన్నాను. తల తిప్పలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను.

"దానికి వినపడదన్నా. పుట్టినప్పటి నుంచీ అంతే." శ్రీనయ్య భార్య లక్ష్మి లోపలి నుంచి వచ్చింది.

బకెట్టు దగ్గరి ఫోను తీసి చూశాను. అవే అంకెలు, అవే అక్షరాలు. సిగ్నల్ రేకుల్లోంచి రాదు, రేకులు అయిపోయే ఆ చివరి సందులోంచి మాత్రం కాస్త వస్తుంది. టబ్బు అందుకే అక్కడ ఉంది. ఇనుము అడ్డం ఉందని కనిపెట్టినవాణ్ణి, ఆ ఇనుము మీదుగా నేనే తీగ కట్టి కూడా, ట్రంకుపెట్టె వెతికించాను. పాస్‌వర్డ్ మార్చిన నాటి నుంచి పిల్ల రోజూ ఐదింటికి వచ్చి, ఫోను పెట్టుకుని, గుండ్రని గుర్తు తిరగడం చూసి, రేకును చరుస్తోంది. నాలుగు రోజులు అట్లా చరిచేసరికి రేకు అదిరి అదిరి, దాని అంచున నేను బిగించి కట్టిన గాజు పోగు విరిగింది.

తీగ అతికిస్తుండగా లక్ష్మి చెప్పింది. పిల్ల పేరు నందిని. రేకులు పడకముందు ఇద్దరు పిల్లలూ పొద్దస్తమానం ఒకేచోట ఉండేవాళ్ళట. నందినితో ఎట్లా మాట్లాడాలో పెద్దవాళ్ళెవరికీ తెలియలేదు. శ్రావణి కంప్యూటరులో సైగల పాఠాలు చూసి నేర్చుకుని, దానికి నేర్పింది. అన్నం, నీళ్ళు, చేప, పడవ, ఆకలి, భయం, ఒక్కొక్కటే. రేకులు లేచిన తర్వాత మిగతా ఎవరైనా కావాలంటే ఇటు నుంచి అటు కేకేసుకోవచ్చు. కనపడితేనే మాట్లాడగలిగిన పిల్లకు అది పూర్తిగా మూసుకుపోయింది. వారం రోజులు అన్నం సరిగా తినలేదట. ఒకరోజు బోరింగు దగ్గర శ్రావణి, నెట్ రీఛార్జి లేని లక్ష్మి ఫోను తీసుకుని, తమ ఇంటి పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చింది. లక్ష్మికి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

ఎవరికైనా చెప్పకపోయావా అమ్మా అని అడిగాను. ఆమె కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది.

"పెద్దోళ్ళం మేం మాటలు మానుకున్నాం అన్నా. మానుకునేదానికి ఆ బిడ్డకు మాట యాడుంది?"

అతికించిన తీగను ఈసారి రేకుకు తగలకుండా ఎత్తి కట్టాను.

మళ్ళీ చుట్టూ తిరిగి పెంచలమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. శ్రావణి గడపలో నిలబడింది. మీ అమ్మకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా అన్నాను, తప్పు కొంచెం ఆ పిల్ల మీదికి కూడా జరుపుదామని.

"చెప్తే కంప్యూటరుకు కూడా రేకులు కడతారని చెప్పలేదు అంకుల్. చెప్పకపోయినా మీరొచ్చి కట్టిపోయినారు."

ఆరింటికి కంపెనీ బస్సు ఆగింది. పెంచలమ్మ వస్తూనే తెంపింది వాళ్ళేనా అని అడిగింది. ఆమె గడప దాటకముందే చెప్పేశాను, మొన్న నేను చెప్పినదాంట్లో ఇనుము ఒక్కటే నిజమక్కా, మిగతాదంతా నా తెలివి అని. ఫోను ఎవరిదో చెప్పాను. రేకులు ఎవరు బాదుతున్నారో, ఎందుకు బాదుతున్నారో చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మకూడదనే అనుకుంది. మరిది ఇంటివాళ్ళు నన్ను కాఫీ ఇచ్చి మచ్చిక చేసుకున్నారని కూడా అంది. పాత పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టి, శ్రావణిని కంప్యూటరు ముందు కూర్చోమన్నాను.

రెండు నిమిషాలు పట్టింది. తెర మీద ముందు ఒక ముక్కు కనిపించింది, తర్వాత పళ్ళు లేని నవ్వు. ఆ తర్వాత చేతులు. అంత చిన్న చేతులు అంత వేగంగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. ఐదు రోజుల మాటలు దాచిపెట్టుకుని ఉంది. శ్రావణి చేతులు జవాబు చెబుతున్నాయి. గదిలో ఏ శబ్దమూ లేదు. పెంచలమ్మ వెనకాల నిలబడి చూస్తోంది.

నందిని చేతులు ఒక్కసారి ఆగాయి. శ్రావణి వెనక ఉన్న మనిషిని చూసింది. ఎడమచేతి వేళ్ళతో ఏదో పట్టుకున్నట్టు పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో పుటుక్కున తుంచి, పొట్టు లాగినట్టు లాగింది. రెండుసార్లు చేసింది.

పెంచలమ్మకు ఆ పని ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దస్తమానం ఆమె చేసేది అదే. "ఏందే అది?" అంది.

"నీ పేరు. మా సైగల్లో పెద్దమ్మంటే అది." శ్రావణి తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "పెద్దమ్మ అన్నం తినిందా అని అడగతాండాది."

పెంచలమ్మ చేతులు ఒకసారి చూసుకుంది. ఇంకా రొయ్యల వాసన పోని చేతులు. వాటిని కొంగుకు తుడుచుకుంది.

"తినలేదని చెప్పు," అంది. "వద్దు, ఉండు. ఎట్ట చెప్పాలో నాకు చూపి."

నేను రౌటర్ సరిచూసే మిషతో అటు తిరిగాను. దాంట్లో సరిచూడడానికి ఏమీ లేదు.

నేను బయలుదేరేటప్పుడు పెంచలమ్మ వాకిట్లోకి వచ్చింది. రేకుల వైపు చూస్తూ, వాటితోనే మాట్లాడుతున్నట్టు అడిగింది. రేకులుంటే సిగ్నల్ సరిగా పోదన్నావు కదా, ఆ బిడ్డ మురికికాలవ పక్కన కూర్చుంటోంది కదా, తీయాలంటే ఎన్ని తీయాలి అని. నిజానికి ఒక్క రేకు తీస్తే చాలు. అసలు రౌటర్‌ను గది నుంచి వసారాలోకి జరిపినా సరిపోయేది. నేను మొహం గంభీరంగా పెట్టి, రెండు తీయాలక్కా, నడిమధ్యలో, అంతకు తగ్గితే మా కంపెనీ ఒప్పుకోదు అన్నాను.

బోల్టులు నేనే విప్పాను. రెండో రేకు వదులయ్యి ఒరిగిపోబోతుంటే అవతలి నుంచి ఎవరో పట్టుకున్నారు. లక్ష్మి. ఇటు పెంచలమ్మ, అటు లక్ష్మి, మధ్యలో రేకు. అంచు తగిలి పిల్లలకు గీసుకుపోకుండా రేకును మెల్లగా నేలమీద పండబెట్టారు. అప్పటికే నందిని ఇటువైపుకు వచ్చేసి ఉంది.

అన్నదమ్ములు వేట నుంచి వచ్చాక వేరువేరుగా నాకు ఫోన్ చేశారు. రెండిళ్ళ ఆడవాళ్ళూ ఒకటే జవాబు చెప్పారట, నెట్ అన్న తీయమన్నాడు అని. నేను ఇద్దరికీ ఇంగ్లీషు మాటలు దండిగా కలిపి వివరించాను. ముగ్గురిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాతో సహా. రేకులు మళ్ళీ లేవలేదు. శ్రావణి బడి మానలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నందినిని నెల్లూరులో వినపడని పిల్లల బడిలో చేర్చేటప్పుడు ఫారంలో ఏమేం సైగలు వచ్చో రాసింది శ్రావణే.

పిల్లలు ఏం చేస్తున్నారో చూసి చెప్పన్నా అని ఇప్పటికీ తల్లిదండ్రులు పిలుస్తారు. పోతాను. చిన్నపిల్లలకు చూడకూడనివి రాకుండా అడ్డం పెట్టడం అవసరమే, పెడతాను. కానీ ముందు పిల్లల్ని అడిగారా అని అడుగుతాను. అడగలేదంటే, నా ఫోను జేబులోనే ఉంచి, వాళ్ళను పిలిచి పక్కన కూర్చోమంటాను. ఎంత వచ్చింది, ఎంత పోయింది అనేదే నా తెర మీద కనిపిస్తుంది. ఎవరి కోసం పోయింది అనేది కనిపించదు. అది తెలియాలంటే రోడ్డు చుట్టూ తిరిగి అవతలి వైపుకు పోవాలి. ఎనిమిదో తరగతి తర్వాత నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే, దీన్ని కూడా ఒక పిల్ల చేత చెప్పించుకోవాల్సి వచ్చింది.

మొన్నామధ్య పాలెంలో వేరే ఇంటి పనికి పోతే పెంచలమ్మ ఎదురైంది. ఇంకా ఎందుకు దాచడమని ఆటపట్టించాను, ఆ పొద్దు నిన్ను భలే మోసం చేశానక్కా, సిగ్నల్‌కు ఒక్క రేకు తీస్తే చాలు, రెండు తీయించాను అని.

ఆమె ఆగను కూడా ఆగలేదు.

"ఆ మాత్రం నాకు తెలవదా అన్నా? ఒక రేకు సందులో బిడ్డయితే పడతాది. పులుసు దబర పట్టుకొని నేను పట్టొద్దా?"